లేఅవుట్ పక్కనే ఊరి మంచినీళ్ల బోరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టూ పంచాయతీ బోరు మీద బతికే ఊళ్లను ఆనుకునే లేఅవుట్లు, అపార్టుమెంట్లు లేస్తున్నాయి. అనుమతి కాగితాల్లో ప్రాజెక్టు ప్రహరీ లోపలి సంగతులన్నీ వివరంగా ఉంటాయి. ప్రహరీ అవతల ఉన్న ఊరి బోరు గురించి మాత్రం ఒక్క వాక్యం ఉంటే గొప్ప. పర్యావరణ సమీక్ష మొదలవ్వాల్సింది ఆ బోరు దగ్గరే. ఊళ్లవాళ్లూ, పంచాయతీ సభ్యులూ, ప్లాట్లు కొనేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

పర్యావరణ అనుమతి ఎంత పెద్ద ప్రాజెక్టుకు తప్పనిసరి?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కట్టడాల విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 50 హెక్టార్లు, అంటే సుమారు 123 ఎకరాలు, లేదా 1,50,000 చదరపు మీటర్ల కట్టడం ఉంటే టౌన్‌షిప్ కింద లెక్క. విస్తీర్ణం లెక్కించేటప్పుడు అన్ని అంతస్తులతోపాటు సెల్లారును కూడా కలపాలి. ఒకే యజమాని ఒకే స్థలాన్ని మూడు పేర్లతో విడగొట్టి, ఒక్కోదాన్నీ 20,000 లోపు చూపించడం తరచూ జరిగేదే. రోడ్డు, నీటి ట్యాంకు, మురుగు శుద్ధి ప్లాంటు మూడింటికీ ఒకటే అయితే ప్రాజెక్టు కూడా ఒకటేనని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

మా ఊరి పక్కన వేస్తున్నది 20 ఎకరాల ప్లాట్ల లేఅవుట్. దానికి సమీక్షే లేదా?

ఆ అనుమతి పరిధిలోకి అది రాదు. మన జిల్లాల్లో అంకణాల (ఇక్కడి ఇళ్ల స్థలాల కొలత) లెక్కన అమ్ముడయ్యే లేఅవుట్లలో చాలావాటి పరిస్థితి ఇదే. అలాగని అడిగేవాళ్లు లేరనుకోవద్దు. 2017 లేఅవుట్ నియమాల కింద పట్టణాభివృద్ధి సంస్థ ఆమోదం కావాలి. నెల్లూరు వైపు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ), ఒంగోలు వైపు ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థ ఆ పని చూస్తాయి. బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఇళ్లు ఎనిమిది దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. నీళ్ల ప్రశ్న ఈ మూడు చోట్లా అడగొచ్చు. ప్లాటు రాళ్లు పాతకముందే, లేఅవుట్ ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. బోర్ల చోటు, సెప్టిక్ ట్యాంకుల వరస, వాననీటి కాలువ అప్పుడైతే పెన్సిలుతో మార్చొచ్చు. రోడ్లు పడ్డాక కదిలించలేరు.

250 మీటర్ల నియమం అంటే ఏమిటి?

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అధికారుల అనుమతి లేకుండా కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదు. మినహాయింపు రెండింటికే ఉంది: ప్రజల తాగునీటి కోసం వేసేది, తాగునీటి చేతిపంపు. "మాదీ తాగే నీళ్లకే" అని లేఅవుట్ యజమాని అన్నంత మాత్రాన ప్రైవేటు మోటారు బోరుకు మినహాయింపు వర్తించదు.

దూరం కొలవాల్సింది బోరు నుంచి బోరుకు, గాలి గీతగా. సర్వే నంబరు హద్దు నుంచి కాదు, రోడ్డు వెంట తిరిగీ కాదు. ఫోనులో రెండు బోర్ల దగ్గరా అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసుకుని చూస్తే సరిపోతుంది. ఫోనులో ఐదు పది మీటర్ల తేడా మామూలే కాబట్టి, 245 అనో 255 అనో వస్తే సర్వేయరుతో కొలిపించండి. రిగ్గు లారీకి కూడా వాల్టా కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రాత్రికి రాత్రి వచ్చి బోరేసి వెళ్లే లారీల విషయంలో మొదట అడగాల్సిన కాగితం అదే.

ఇందులో ఒక లోటుంది. ఈ నియమం బోర్ల గురించి చెబుతుంది గానీ సెప్టిక్ ట్యాంకుల గురించి చెప్పదు.

250 మీటర్లు దాటితే మా బోరుకు ఢోకా లేనట్టేనా?

కాదు. కింద ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పెన్నా డెల్టాలోనూ తీరం వెంటా కింద ఇసుక, ఒండ్రు. నీళ్లు ఇసుక రేణువుల మధ్య నెమ్మదిగా, అన్ని దిక్కులకూ పాకుతాయి. ఒక బోరు లాగితే చుట్టూ నీటిమట్టం గిన్నెలా పల్లమవుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపూ, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోనూ పరిస్థితి వేరు. అక్కడ గట్టి రాయి, ఆ రాతి నెర్రెల్లోనే నీళ్లు. 100 మీటర్ల దూరంలోని బోరుకు ఏమీ కాకపోవచ్చు, అదే నెర్రె మీదున్న 600 మీటర్ల అవతలి బోరు సాయంత్రానికల్లా గాలి కక్కవచ్చు. మురుగు కూడా అదే దారిన పోతుంది. అందుకే రాతి నేలలో దూరాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు, పరీక్ష చేసి చూడాలి.

బోరులో "రెండంగుళాల నీళ్లు పడ్డాయి" అంటున్నారు. 200 ఇళ్లకు చాలవా?

ముందు ఆ అంగుళాలు దేనివో అడగండి. పైపు నిండా రెండంగుళాలా, వీ-నాచ్ పలక (పారే నీళ్లను కొలవడానికి V ఆకారంలో కోసిన పలక) మీద రెండంగుళాల ఎత్తా? రెండింటికీ ఎక్కడా పొంతన ఉండదు. 90 డిగ్రీల వీ-నాచ్ మీద రెండంగుళాలంటే 5 సెంటీమీటర్లు, సెకనుకు దాదాపు 0.77 లీటర్లు, నిమిషానికి 46. అదే నాచ్ మీద ఎత్తు 10 సెంటీమీటర్లయితే సెకనుకు 4.4 లీటర్లు వస్తాయి. ఎత్తు రెట్టింపైతే నీళ్లు ఐదున్నర రెట్లకు పైగా పెరుగుతాయి. కాబట్టి అర అంగుళం ఎక్కువ చదివినా మొత్తం లెక్క తప్పుతుంది.

ఇక అవసరం సంగతి. 200 ఇళ్లు, ఇంటికి ఐదుగురు, తలకు రోజుకు 135 లీటర్లు అనుకుంటే మొత్తం 1,35,000 లీటర్లు. నిమిషానికి 46 లీటర్ల బోరు రోజుకు పది గంటలు ఆడితే ఇచ్చేది 27,600 లీటర్లు. అంటే అలాంటి బోర్లు ఐదు కావాలి. అన్నీ ఒకేసారి లాగినా ఊరి బోరు దిగకూడదు. నివేదికలో "ఒక బోరు చాలు" అని ఉంటే ఈ గుణకారం చేసి చూపించండి.

బోరేసిన రోజు కంప్రెసరు గాలికి ఎగజిమ్మిన నీళ్లను దిగుబడిగా రాయడం ఇంకో పొరపాటు. అది నెర్రెల్లో నిలవున్న నీరు. ఏడాది పొడవునా వచ్చేది ఎంతో తెలియాలంటే పంపింగ్ పరీక్ష చేయాల్సిందే.

పంపింగ్ పరీక్ష ఎప్పుడు, ఎలా చేయాలి?

ఏప్రిల్ నెలాఖరు, మే నెలల్లో చేయాలి. మనకు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, ముఖ్యంగా నెల్లూరు వైపు. డిసెంబరు, జనవరి నెలల్లో పరీక్ష చేస్తే ఏ బోరైనా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. డెల్టాలో ఇంకో మెలిక ఉంది. సంగం, నెల్లూరు బ్యారేజీల కాలువలు పారుతున్నన్నాళ్లూ పొలాల నుంచి నీళ్లు దిగి బోర్లు నిండుగా ఉంటాయి. కాలువలు కట్టేశాక చేసిన పరీక్షే నిజం చెబుతుంది. నివేదికలో మొదట తేదీ చూడమని మేం చెప్పేది ఇందుకే.

పరీక్షకు ముందు కనీసం 12 గంటలు ఆ బోరునూ చుట్టుపక్కల బోర్లనూ ఆపి ఉంచాలి. నిలకడ నీటిమట్టం రాసుకోవాలి. తర్వాత ఒకే వేగంతో 24 గంటలు తోడాలి. మొదటి గంటలో 1, 2, 3, 5, 10, 15, 20, 30, 45, 60 నిమిషాలకూ, ఆ తర్వాత గంటకోసారీ మట్టం కొలవాలి. మోటారు ఆపాక మట్టం తిరిగి పైకొచ్చే తీరును కూడా కొలవాలి. దిగిన దాంట్లో 90 శాతం తిరిగి ఎక్కడానికి ఎన్ని గంటలు పట్టిందన్నది చాలా విషయం చెబుతుంది. 24 గంటలు గడిచినా సగమే ఎక్కిందంటే ఆ బోరు నిలవ నీటిని ఖర్చు చేస్తోందని అర్థం.

చాలా నివేదికల్లో వదిలేసేది అసలైన ముక్క. పంపింగ్ జరుగుతున్నంతసేపూ ఊరి పంచాయతీ బోరులో మట్టం కూడా కొలవాలి. ప్రాజెక్టుకు నాలుగు బోర్లుంటే విడివిడిగా కాదు, నాలుగూ కలిపి ఆడిస్తూ కొలవాలి. మోటారు దించిన బోరులో టేపు దిగదు, కేబులుకు చుట్టుకుంటుంది. అందుకని మోటారు దించేటప్పుడే పక్కన ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఒకటి, అడుగున రంధ్రాలు చేసి, మోటారుకు కొంచెం పై దాకా దించి కట్టేస్తే ఎప్పుడు కావాలన్నా మట్టం కొలవొచ్చు. ఖర్చు కొద్దిపాటిదే. ఈ పైపును పంచాయతీ బోరుకు కూడా వేయించుకోండి.

పనులు మొదలవకముందు నీళ్లు పరీక్ష చేయించాలా? దేనికి?

తప్పకుండా. ముందు లెక్క లేకపోతే రేపు నీళ్లు పాడైనప్పుడు "అవి ముందునుంచీ అంతే" అంటారు. మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేయించండి. పోల్చుకోవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లోని హద్దులివి: కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే గతి లేకపోతే 2,000 వరకు. క్లోరైడు 250, గతి లేకపోతే 1,000. ఫ్లోరైడు 1.0, గతి లేకపోతే 1.5. నైట్రేటు 45, దీనికి సడలింపు లేదు. ఈ-కోలై (మలం కలిసిందని చెప్పే క్రిమి) 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

శాంపిలు పట్టే ముందు మోటారును పది పదిహేను నిమిషాలు ఆడించి పైపులో నిలవున్న నీళ్లు వదిలేయాలి. ట్యాంకు నుంచి కాకుండా బోరు దగ్గరే పట్టాలి. రసాయన పరీక్షకు శుభ్రమైన లీటరు సీసా చాలు. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి, వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోపు చేర్చాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో ఈ పరీక్షలు జరుగుతాయి. సీసా మీద బోరు పేరు, తేదీ, సమయం రాసి ఫొటో తీసి పెట్టుకోండి.

మాది ఫ్లోరిన్ ప్రాంతం. లేఅవుట్ బోర్ల వల్ల ఫ్లోరైడు పెరుగుతుందా?

పెరగొచ్చు. నేరుగా కాదు, చుట్టు దారిన. పై పొరల నీళ్లు తరిగిపోతే ఊరు ఇంకా లోతుకు బోరు వేసుకోవాల్సి వస్తుంది. లోతు నీళ్లు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటాయి కాబట్టి వాటిలో ఫ్లోరైడు తరచుగా ఎక్కువ. నీళ్లు తగ్గడంతో మొదలైన నష్టం పళ్ల మీద మచ్చలూ కీళ్ల నొప్పులూ దాకా పోతుంది. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

లేఅవుట్‌లో ఆర్వో ప్లాంటు పెడతామంటే వ్యర్థ నీరు ఎక్కడికి పోతుందో అడగండి. శుద్ధి చేసిన నీళ్లకు సమానంగానో అంతకన్నా ఎక్కువగానో బయటికి వచ్చే ఆ నీటిలో ఫ్లోరైడు, ఉప్పు చిక్కబడి ఉంటాయి. దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలితే తిరిగి మన బోరులోకే చేరుతుంది. మరుగుదొడ్ల ఫ్లష్‌కు వాడితే కొంత నయం.

తీరం దగ్గర ఇళ్ల ప్రాజెక్టులకు వేరే జాగ్రత్తలున్నాయా?

మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి మీటరు పైన మంచినీరుంటే దాని కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు నిలుస్తుందని లెక్క. తిరగేసి చూస్తే భయం వేస్తుంది: పైమట్టం అర మీటరు దిగితే అడుగున ఉప్పునీరు 20 మీటర్లు పైకి రాగలదు. అందుకే ఇక్కడ లోతైన బోరూ పెద్ద మోటారూ పెట్టుకుంటే కోరి ఉప్పు తెచ్చుకున్నట్టే. లోతు తక్కువ బావులు నాలుగైదు, చిన్న మోటార్లు, విడతలుగా తోడటం, ఇదే పద్ధతి. ప్రతి నెలా క్లోరైడు చూసి, వరసగా మూడు నెలలు పెరుగుతుంటే తోడటం తగ్గించాలన్న షరతు అనుమతిలోనే రాయించండి. సముద్రపు పోటు నీళ్లు చేరే గీతకు 500 మీటర్లలోపైతే తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నియమాలు భూగర్భజలం తోడటానికి అదనంగా ఆంక్షలు పెడతాయి. ఒకసారి ఉప్పెక్కిన ఇసుక పొర తేరుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉంటే చాలదా?

ఇళ్లు పలచగా ఉంటే చాలు. కిక్కిరిస్తే చాలదు. ఎందుకో అంకెల్లో చూడండి.

పదెకరాల్లో 100 ఇళ్లు, 500 మంది. మనిషి మలమూత్రాల్లో రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని పోతుంది. ఏడాదికి 1,825 కిలోలు. ఆ పదెకరాల్లో ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన ఇంకుతుందనుకుంటే దాదాపు 6,000 ఘనపు మీటర్లు. తలకు రోజుకు 100 లీటర్ల వాడకం నీరు కలిస్తే ఇంకో 18,000. మొత్తం 24,000 ఘనపు మీటర్లలో ఈ నత్రజని అంతా నైట్రేటుగా మారితే లీటరుకు 330 మిల్లీగ్రాములు. మట్టిలోనే సగం పోయిందనుకున్నా 160 దాటుతుంది. హద్దు 45. ఇసుక క్రిములను కొంత వడకడుతుంది గానీ నైట్రేటును ఆపదు. పసిపిల్లలకు అది ప్రాణాంతకం కాగలదు.

సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేలలోకి ఇంకే గుంతకూ (సోక్ పిట్) తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లుండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. ముతక ఇసుకలోనూ నెర్రెలున్న రాతిలోనూ 30 మీటర్లకు తగ్గకుండా పట్టుబట్టడం మంచిది. గుంత అడుగుకూ వానాకాలపు నీటిమట్టానికీ మధ్య 2 మీటర్ల పొడి నేల ఉండాలి. నెల్లూరు పల్లపు ప్రాంతాల్లో నవంబరులో రెండు మూడు అడుగుల్లోనే నీళ్లు తగులుతాయి. అలాంటి చోట సోక్ పిట్ అంటే మురుగును బావిలో కలపడమే. అక్కడ ఉమ్మడి మురుగు పైపులైను, శుద్ధి ప్లాంటు తప్ప వేరే దారి లేదు. ఆ ప్లాంటుకు కరెంటు బిల్లు ఎవరు కడతారో, ఇళ్లు అమ్ముడయ్యాక ఎవరు నడుపుతారో కాగితం మీద లేకపోతే, అది ప్రారంభోత్సవం నాడు నడిచి ఆగిపోతుంది.

ఇంకుడు గుంతలు ఎన్ని ఉంటే అంత మంచిది కదా?

శుభ్రమైన నీళ్లు వెళితేనే. 1,000 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, 80 శాతం దక్కినా 8 లక్షల లీటర్లు. ఆ డాబా నీళ్లు ఇంకించడం గొప్ప సాయమే. పార్కింగ్, రోడ్డు, చెత్త పోసే చోటు నుంచి పారే నీళ్లలో నూనె, మురుగు ఉంటాయి. వాటిని ఎండిన బోరులోకి నేరుగా వదిలితే నేల చేసే వడపోత అంతా తప్పించి, కాలుష్యాన్ని తిన్నగా నీటిపొరలో పోసినట్టే. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ముతక ఇసుక వేయాలి. ఏటా సెప్టెంబరులో పై ఇసుక పొర తీసి కడగకపోతే ఒండ్రు పట్టి మొదటి తుఫానుకే నీళ్లు పొర్లిపోతాయి. గుంతను సెప్టిక్ ట్యాంకు పక్కన పెట్టొద్దు. తొలి వాన నీళ్లను బయటికి వదిలే వాల్వు ఉండాలి.

చెరువుకొచ్చే కాలువను లేఅవుట్ మట్టితో పూడ్చేశారు. దీనికీ బోరుకూ సంబంధమేంటి?

మెట్ట ఊళ్లలో చెరువు కిందే బావి నిండేది. సప్లయి కాలువ తెగితే చెరువులోకి నీళ్లు రావు, చెరువు నిండకపోతే ఊరి బోరుకు ఊట తగ్గుతుంది. లేఅవుట్‌లో గ్రావెల్ తోలి రెండు మూడు అడుగులు ఎత్తు చేస్తే కాలువ పూడ్చకపోయినా వాన పారుదల దారి మారిపోతుంది. గ్రామ పటంలో వాగు, కాలువ, కుంట పోరంబోకులు చూసి లేఅవుట్ ప్లాను మీద వేసి చూడండి. మొదటి వానకు ముందే తహసీల్దారుకు, జలవనరుల శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి.

కట్టేటప్పుడు ఏం చూడాలి?

సెల్లారు తవ్వకంలో ఊరే నీళ్లను రాత్రింబగళ్లు తోడి కాలువలో పోస్తారు. రోజుకు ఎన్ని గంటలు, ఎంత మోటారు అన్నది రాసి ఉంచమనండి. ఆ వారాల్లో పక్క బోర్ల మట్టం రోజూ కొలవాలి. డీజిలు డ్రమ్ముల చుట్టూ, వాటిలోని డీజిలుకన్నా కొంచెం ఎక్కువ పట్టేంత సిమెంటు తొట్టి కట్టాలి. కాంక్రీటు మిక్సరు కడిగిన నీళ్లు గుంతలో ఇంకనివ్వకూడదు. కూలీల మరుగుదొడ్లు ఊరి బోరుకు ఎగువన ఉండకూడదు.

ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెడతారు?

ఇళ్ల ప్రాజెక్టులకు పెట్టరు. 2006 నోటిఫికేషన్ వాటికి మినహాయింపు ఇచ్చింది. ఇది చాలామందికి తెలియక, పిలుపు కోసం ఎదురుచూస్తూ గడువు పోగొట్టుకుంటారు. దరఖాస్తు, నివేదిక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటులో ఉంటాయి. జిల్లా, మండలం పేర్లతో వెతికి, రాష్ట్ర నిపుణుల కమిటీ ముందుకు వెళ్లకముందే మీ బోరు వివరాలు, నీటి పరీక్ష కాగితాలు, పంచాయతీ తీర్మానం జతచేసి పంపండి. "మాకు అభ్యంతరం" అని రాస్తే పక్కన పెడతారు. "మా బోరు ఫలానా అక్షాంశంలో ఉంది, మేలో మట్టం ఇంత, నివేదికలో ఈ బోరు లేదు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల గడువుంటుంది.

అనుమతి ఇచ్చేశాక ఇంకేం చేయగలం?

ఉత్తర్వు తెలిసిన 30 రోజుల్లోపు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయొచ్చు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు అనుమతిస్తారు. మనకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. అప్పీలు చేయకపోయినా షరతుల అమలు చూడొచ్చు. యజమాని ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి అమలు నివేదిక ఇవ్వాలి. దాన్ని తీసుకుని, అందులోని నీటిమట్టం అంకెల పక్కన మీ పంచాయతీ బోరు అంకెలు పెట్టి చూడండి. వాళ్ల మట్టం రెండేళ్లుగా ఒకే అంకె చూపిస్తుంటే ఎవరూ కొలవడం లేదని అర్థం.

లేఅవుట్ స్థలంలో పాత వ్యవసాయ బోర్లు ఉన్నాయి. మూత పెడితే చాలా?

చాలదు. కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) పీకేసిన బోరు మురుగుకు నిలువు దారి. పైన ఇల్లు కట్టి సెప్టిక్ ట్యాంకు పెట్టాక అది ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. సుప్రీంకోర్టు 2010 మార్గదర్శకాల ప్రకారం పనికిరాని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. మంచినీళ్ల బోరుకు దగ్గరైతే పైన కొన్ని మీటర్లు బంకమట్టి గానీ సిమెంటు గానీ దట్టించమనండి. వాడకంలో ఉంచే బోరుకు కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుతో, నేల పైన 30 సెంటీమీటర్లు, కింద 30 సెంటీమీటర్లు ఉండేలా కాంక్రీటు దిమ్మె కట్టాలి. కేసింగ్‌కూ రంధ్రానికీ మధ్య సందును సిమెంటు పాలతో నింపించండి. బోరేసేవాళ్లు చాలామంది అక్కడ తవ్విన మట్టినే తోసేసి వెళ్లిపోతారు. వానకు ఆ మట్టి కుంగి, పైనీళ్లు కేసింగ్ వెంట జారి నేరుగా బోరులోకి దిగుతాయి. కొత్త బోరులో నీళ్లు ప్రతి వానకూ ఎర్రబడుతుంటే మొదట చూడాల్సింది ఆ సందునే.